ధోతి కొస

మా కొత్తవాడ చేనేత సొసైటీకి నేను డైరెక్టరుగా నాలుగేళ్లు చేశాను. బోర్డులో డిగ్రీ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. చదువుకున్నవాళ్లు కుర్చీలో కూర్చుంటే చాలు, సొసైటీ లాభాల్లో పడుతుందని డెబ్బైల్లో కొత్తవాడలో అందరూ నమ్మేవాళ్లు. అందరికంటే ఎక్కువ నేను నమ్మాను. ఇప్పుడు అది తలచుకుంటే కోపం కూడా రాదు, నీరసం వస్తుంది.

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, నాకంటే ముందునుంచీ డైరెక్టరు. వేలిముద్ర మనిషి. జంపఖానాలకు రంగు నూలు కొనే ప్రతిసారీ ఒక పోగు తడిపి, తన తెల్ల ధోతి కొసకు గట్టిగా రుద్దేవాడు. రంగు అంటిందా, నూలు వాపసు. అందుకే ఆయన ధోతి ఏనాడూ పూర్తిగా తెల్లగా ఉండేది కాదు. నాకది నామోషీ.

ఒక ఏడు హాస్టళ్లకు జంపఖానాలు నేసే పెద్ద ఆర్డరు వచ్చింది. నూలు ఖాయం చేసే మీటింగుకు హైదరాబాద్ నుంచి ఆఫీసరు వస్తున్నాడు. రంగు పోదని వ్యాపారి ఇంగ్లీషులో టైపు చేయించిన సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. పొద్దున్నే పెద్దబాపు ఇంటికి వెళ్లాను.

"పెద్దబాపూ, ఇయ్యాల జర చుప్ ఉండు. ఆఫీసరు ముంగట ఆ ధోతికి రుద్దుడు వద్దు. నా ఇజ్జత్ పోతది."

"మంచిది బిడ్డా. సదువుకున్నోనివి, నీకు తెలువదా" అన్నాడు.

మీటింగులో సర్టిఫికెట్ చదివి తెలుగులో అర్థం చెప్పాను. ఆఫీసరు మెచ్చుకున్నాడు, మిగతా డైరెక్టర్లు తలలూపారు. పెద్దబాపు ధోతి కొసను కుడి పిడికిట్లో పట్టుకుని, నోరు విప్పకుండా కూర్చున్నాడు. తీర్మానం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేసేటప్పుడు కూడా ఆ పిడికిలి వదల్లేదు. ముసలాయన ఇన్నాళ్లకు నా మాట విన్నాడని మురిసిపోయాను.

వానాకాలంలో ఆ జంపఖానాలు తడిశాయి. హాస్టల్ పిల్లల తెల్ల చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి. సరుకంతా లారీలో తిరిగొచ్చింది. లారీ దించుతుంటే ఆయన మీదే విరుచుకుపడ్డాను.

"ఇన్నేండ్ల సంది నూలు చూస్తానవు, ఒక్క మాటన్న అనకపోతివి!"

"మీటింగుకు ముంగట గోదాంల రుద్ది చూసిన. ఎర్రగ అంటింది. ఆఫీసరుకు కనపడకుంట పిడికిట్ల దాసిన" అన్నాడు. "నీ ఇజ్జత్ పోతదంటివి గద బిడ్డా."

చెప్పి, మళ్లీ మోపులు దించడానికి వెళ్లాడు.

ఆ తర్వాత ఆర్డర్లు రాలేదు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. పెద్దబాపు కొడుకు కూడా బతుకుదెరువుకు భీవండి పవర్‌లూములకు పోయాడు. స్టేషనుకు వాడి పెట్టె మోసింది నేనే. పెద్దబాపు పక్కనే నడిచాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.