పాదాలు గీసిన కాగితాలు

మా హెడ్మాస్టారు పోయారని మొన్న ఉదయం రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి వస్తున్న ఆయన పాత విద్యార్థి ఒకడు మా క్వార్టరుకు వచ్చి చెప్పాడు. ఉస్లాపూర్‌లో కూతురి ఇంట్లో నిద్రలోనే వెళ్ళిపోయారట. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళు నడుపుకున్న చిన్న బడిలో ఆయన కింద నేను ఏడేళ్ళు పంతులమ్మగా పనిచేశాను. మా ఇద్దరికీ అంతగా పొసగేది కాదు. అది దాచి రాస్తే ఆయనకే నచ్చదు.

స్వయంగా చూడందే దేన్నీ నమ్మే మనిషి కాదాయన. సుద్దముక్కల పెట్టె వచ్చినా ఒకటి తీసి బోర్డు మీద గీసి చూశాకే సంతకం పెట్టేవారు.

ఎనభైల చివర్లో ఊరి బయటి కంపెనీ ఒకటి మా పిల్లలందరికీ ఉచితంగా బూట్లు పంపింది. వానలు పడేలోగా బడి పైకప్పుకు కొత్త రేకులు కూడా వేయిస్తామని వాళ్ళ ఆఫీసరు మాటిచ్చాడు. పాత కప్పు కారితే పాఠాలు సాగవు, అందుకే మా ఆశంతా ఆ రేకుల మీదే. బూట్లు మాత్రం రెండే సైజుల్లో వచ్చాయి. కంపెనీవాళ్ళు తీసుకున్న ఫొటోలో సగం మంది పిల్లలు వేళ్ళు ముడుచుకుని నవ్వుతున్నారు.

నేను హిందీలో కృతజ్ఞతల ఉత్తరం చక్కగా రాసిచ్చాను. ఊరెళ్ళేవాళ్ళ చేతికి పాదం గీసిన కాగితం ఇచ్చి విజయనగరం నుంచి చెప్పులు తెప్పించుకోవడం మా కాలనీలో అందరికీ అలవాటే. మాస్టారు పిల్లల్ని ఒక్కొక్కరినే పాత పేపరు మీద నిలబెట్టి, తాను నేల మీద కూర్చుని పెన్సిలుతో పాదాలు గీశారు. పక్కన పేర్లు రాసి ఆ కట్టను నా ఉత్తరానికి జోడించారు.

"ఇచ్చినవాళ్ళకు వంకలు పెడితే ఇంక రేకులిస్తారాండీ?" అన్నాను.

"వంకేటమ్మా? పట్టనేదని చెప్తన్నాం. చెప్పకపోతే ఆళ్ళకెలా తెలుస్తాది?"

పట్టాల గ్యాంగులో పనిచేసే ఒక తండ్రి కూడా అడిగాడు. "అచ్ఛా, రేకులు రాకపోతే ఏటి సేస్తాం మాస్టారూ?"

మాస్టారు ఆ కట్టకు దారం చుట్టి కంపెనీకి పంపేశారు.

రెండు నెలలకు, ప్రతి పెట్టె మీదా పిల్లవాడి పేరుతో, సరిపోయే బూట్లు వచ్చాయి. ఈ ఏడాదికి మీ బడికి ఇంతేనని ఆఫీసరు రాశాడు. వానలు మొదలయ్యాయి. కొత్త బూట్లు తడవకుండా కిటికీల్లో పెట్టి, పిల్లలు కాళ్ళు బెంచీల మీదకు లాక్కుని కూర్చునేవారు. నేను వారం రోజులు ఆయన గదిలోకి వెళ్ళకుండా హాజరు పుస్తకం పిల్లల చేత పంపాను.

చినుకుల కింద బకెట్టు జరుపుతూ ఆయనే అన్నారు. "తప్పు నాదేనమ్మా. పాదాల్తో పాటు కప్పు కొలత కూడా పంపాల్సింది."

మరుసటి ఏడాది పంపారు. రేకులొచ్చాయి. ఒకటి పొట్టిదైంది. అది ఆయన కుర్చీ మీద కారేది, కుర్చీ జరుపుకున్నారు. ఆ తర్వాత నాకు ఎవరేమిచ్చినా పొగడటానికి ముందు చూసుకోవడం అలవాటైంది. అందుకు ఆయనకు రుణపడ్డాను.

మొన్న ఉస్లాపూర్‌లో ఆయన కూతురి వాకిలి నిండా చెప్పులూ బూట్లే. చాలావరకు ఆ బడి పిల్లలవి, అంటే ఇప్పుడు గార్డులవీ, ఖలాసీలవీ, బ్యాంకు గుమాస్తాలవీ. కడసారి చూపు చూసి బయటికొచ్చి ఎవరి జోడు వాళ్ళు వెతుక్కుంటున్నారు. ఒకడు కళ్ళు తుడుచుకుంటూ ఎవరివో తొడుక్కుని రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి వాటిని విడిచి, తనవి తొడుక్కుని వెళ్ళాడు.