నీలికాగులో శ్మశానం సీను

జనం నవ్వినందుకు ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. యుద్ధం రోజులు. ఆదోనిలో డేరా వేసిన టూరింగు టాకీసులో నేను ఆపరేటర్ని. దయ్యాల సినిమా ఒకటి ఆడుతోంది. అందులో అర్ధరాత్రి శ్మశానంలో దయ్యం లేచే సీనును పట్టపగలే తీశారు. సమాధుల పక్కన ఎండ నీడలు నల్లగా కనబడుతూనే ఉంటాయి. నేల టికెట్టు వాడొకడు, "ఏమప్పా, ఈ దయ్యం సద్ది తిని బయల్దేరినట్లుందే" అన్నాడు. డేరా అంతా నవ్వింది.

పట్నాల్లో ఇలాంటి సీన్ల ఫిల్మును నీలిరంగులో ముంచి రాత్రిలా కనబడేట్లు చేస్తారని విన్నాను. మరుసటి ఉదయం ఓనరును ఒప్పించి, ఆ సీను మటుకు కత్తిరించుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ నేతగాళ్ళ నూలుకు రంగు వేసే ఆయన ఒకడుండేవాడు. వయసులో నాకంటే పెద్ద. యుద్ధం వల్ల రంగు దొరకడమే గగనమైన రోజుల్లో, దాచుకున్న నీలిపొడి నా కోసం బయటికి తీశాడు.

ఫిల్మును వేళ్ళతో తడిమి, "ఇది నూలు కాదప్పా. నాకు తెలీని సరుకు. జానెడు ముక్క ఇయ్యి, ముందు ముంచి సూస్తా" అన్నాడు. ఇవ్వనన్నాను. చన్నీళ్ళలో అయితే రేపటికి గాని రంగు పట్టదని, వేన్నీళ్ళలో అయితే వెంటనే పడుతుందని, ఏది చేయాలో నన్నే చెప్పమన్నాడు.

వేన్నీళ్ళు పనికిరావని నాకు తెలుసు. తెగిన ఫిల్మును అతికించేటప్పుడల్లా కొసను ఉమ్మితో తడిపి బ్లేడుతో గీకేవాణ్ణి. బొమ్మ ఉన్న పొర ఊడి వచ్చేది. ఉమ్మికే ఊడేది మరిగే నీళ్ళకు ఆగుతుందా? కానీ సాయంత్రం ఆటకు ఆ నోళ్ళు మూయించాలి. పైగా నూలు ముంచేవాడు నాకు సినిమా పని నేర్పడమేమిటని ఒళ్ళు మండింది.

"నూలుకు ఎట్ల చేస్తావో అట్లే చెయ్యి. వేన్నీళ్ళే" అన్నాను.

నూలు కట్టను, అదే చిలపను, వేసినట్లే కర్రకు వేసి, రంగునీళ్ళు మరిగే కాగులో ముంచాడు, తిప్పాడు. పైకి తీసేసరికి గాజులాంటి వట్టి పట్టీ మిగిలింది. శ్మశానమూ దయ్యమూ నురగలో జిగటగా తేలుతున్నాయి.

రంగు వేసినాయన సొంత తెలివి చూపించి చెడగొట్టాడని ఓనరుకు చెప్పాను. మర్నాడు ఓనరు నన్ను వెంటబెట్టుకుని పోయి, వీధిలో మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీస్తున్న నేతగాళ్ళందరి ముందూ ఆయన్ని నానా మాటలూ అన్నాడు. ఆయన ఓనరును వదిలేసి నా వైపు తిరిగాడు.

"వేన్నీళ్ళు ఎవురు వెయ్యమన్నారో నువ్వే సెప్పప్పా. నీ మాటకు కట్టుబడతా."

"రంగు పని నీది. నాకేం తెలుసు?" అన్నాను.

అంతే. పని చెడగొట్టాడని పేరు పడ్డవాడికి నూలు ఎవరిస్తారు? నేతగాళ్ళు చిలపలను గోనెగండ్ల రంగువాళ్ళకు పంపడం మొదలుపెట్టారు. ఆయన కాగులు బోర్లించి నందవరం పొలాల్లో కూలికి పోయాడు.

ఆ వీధిలో నిలబడి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎమ్మిగనూరు మీదుగా ఎన్నిసార్లు బస్సులో పోయానో, ఒక్కసారీ దిగలేదు. ఓనరునూ, నవ్విన జనాన్నీ, చివరికి పట్టపగలు సీను తీసినవాణ్ణీ తిట్టుకుంటూ బతికాను. తిట్టవలసినవాడు నా చొక్కాలోనే ఉన్నాడు.

ఆ రంగు ఆయన చనిపోయాడని తెలిశాక ఎమ్మిగనూరులో దిగాను. అదే వీధిలో పడుగు సరిచేస్తున్న ముసలి నేతగాడికి జరిగిందంతా చెప్పాను. ఆయన దారం మీంచి కళ్ళు ఎత్తలేదు.

"ఇప్పుడు ఎవురికి సెప్తాండావప్పా?" అన్నాడు.