డోరక్క చెవులు

మా అక్క డోరా అబిడ్స్‌లో మా చర్చి క్వయర్‌లో పాడేది. ఒక పెద్ద జలుబు తర్వాత చెవులు దిబ్బడ వేసి శ్రుతి తప్పుతుంటే, క్వయర్ నడిపే జాబెజ్ అందరి ముందూ ఆమెను రావద్దన్నాడు.

నాంపల్లి దవాఖానలో అక్క చెవిలో చిన్న గొట్టం పెట్టి, నీళ్లు మింగించి చూశారు. ముక్కు వెనక నుంచి చెవికి గాలి అందించే నాళం తెరుచుకోవడం లేదని తేలింది.

ఆ మాట చెబితే జాబెజ్ నవ్వాడు. "సాకులు మంచిగ నేర్చినవ్!"

"గట్లనా అన్నా?" అంది అక్క. "ముక్కు మూసుకొని జర గుటకెయ్యి. చెవులు మూసుకపోతయ్. గప్పుడు పాడు, మేం వింటం."

అతను ముక్కు ముట్టుకోలేదు. అక్కను మళ్లీ చేర్చుకోనూ లేదు.

మొన్న అక్క చనిపోతే, ఆమె సమాధి దగ్గర అతనే పాట ఎత్తుకున్నాడు. "బతికున్నప్పుడు పాడనియ్యలే, ఇప్పుడు ఆమె కోసం పాడుతవా? పక్కకు జరుగు!" అన్నాను. ఆ పాట మా ఇంటివాళ్లమే పాడాం.