క్రిమి పెరగని ఊరు

ఆసుపత్రుల కంప్యూటర్లలో చేరిన లక్షల రికార్డులు చదివి, యాంటీబయాటిక్ మందులకు లొంగని మొండి క్రిములు ఏ ఊళ్లో పెరుగుతున్నాయో చెప్పడం నా ఉద్యోగం. ఇన్నేళ్లు చదివాక ఆ రికార్డుల మీద నాకు మిగిలింది రోత. వాటిని రాసినవాళ్ల మీద ఇంకొంచెం ఎక్కువ.

జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు, ఎక్కడ చూసినా ఒకటే పద్ధతి. జ్వరంతో మనిషి వస్తే ముందు పెద్ద ఇంజక్షన్ పొడుస్తారు. సూది వేయనివాడు డాక్టరే కాదని జనం నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం ఏ డాక్టరుకూ లేదు. రెండు మూడు రోజులకీ తగ్గకపోతే అప్పుడు నెత్తురు తీసి, అందులోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపుతారు, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. మందు ఒంట్లో ఉండగా తీసిన నెత్తురులో క్రిమి అణిగి ఉంటుంది, పరీక్షలో పెరగదు. ల్యాబ్ వాళ్లు "పెరుగుదల లేదు" అని రాస్తారు. మా అధికారి దాన్ని "మొండి క్రిమి లేదు" అని లెక్కేసుకుంటాడు. అది తప్పని మీటింగులో చెప్పిన ప్రతిసారీ, "అంకెలు బాగుంటే మీకేం బాధ మేడం?" అని టీ చప్పరించేవాడు.

మా పిన్నిని చలిజ్వరంతో ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోంలో చేర్చారని తెలిసి పరుగెత్తాను. అప్పటికే సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కుతోంది. మందు ఎక్కించకముందే కల్చర్‌కు నెత్తురు తీశారా అని నర్సును అడిగాను.

"ముందు ఇంజక్షన్ ఏసి సూచ్చాం మేడం. తగ్గకపోతే అప్పుడు తీచ్చాం. యాడైనా ఇంతే గదా," అంది.

డాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. ఈ ప్రాంతంలో ఈ మందు బాగా పనిచేస్తోందని ప్రభుత్వ రిపోర్టే చెబుతోందన్నాడు. ఆ రిపోర్టు మా ఆఫీసుదే.

తర్వాత తీరిగ్గా తీసిన నెత్తురులో ఏమీ పెరగలేదు. పిన్ని ఒళ్లు మాత్రం పెనంలా కాలిపోతోంది. ఏ క్రిమో తెలియదు, దానికి ఏ మందు పడుతుందో తెలియదు. చీకట్లో రాళ్లు విసిరినట్టు మందులు మార్చుకుంటూ పోయారు.

"రిపోర్టులో ఏం లేదంట గదా పాపా. మరి ఈ జరం ఎవరిది?" అని అడిగింది పిన్ని.

వారం తిరక్కుండానే పోయింది.

నెలాఖరు సమావేశంలో, మొండి క్రిములు లేని ఊళ్లలో ప్రొద్దుటూరు మొదట నిలిచిందని అధికారి నవ్వుతూ ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మొహాన ఉమ్మాలనిపించింది. తెర మీద ఆయన చూపిస్తున్న అంకెలో మా పిన్ని కూడా ఉంది.