పది వేళ్ళ పూచీ

పక్కింటి టీవీలోంచి కూత వినిపించిందంటే చేతిలోని పేపరు పక్కన పడేస్తాను. ఒక గొంతు ఏకబిగిన లేచి, దగ్గరై, వణికి, తటాలున తెగిపోతుంది. ఇప్పుడు కబడ్డీ అంటున్నారు, మా రోజుల్లో చెడుగుడు అనేవాళ్ళం, అంతే తేడా. ఆ కూత వరకూ బాగానే ఉంటుంది. దానికి ముందు గంటసేపు నలుగురు పెద్దమనుషులు కోట్లు తొడుక్కుని కూర్చుని ఎవరు గెలుస్తారో, ఎవరి మోకాలు ఇంకా మానలేదో, ఎవరి భుజం మీద పడితే పని అయిపోతుందో తేల్చేస్తుంటారు. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒరే నాయనా, ఫలానావాడి మోకాలు నొప్పిగా ఉందని ఊరంతా చాటితే ఆ మోకాలు ఏం కావాలిరా అని ఇక్కణ్ణించే అరుస్తాను. మా కోడలు వంటింట్లోంచి, "వాళ్ళకు వినపడదు మామయ్యా" అంటుంది. వినపడదని నాకూ తెలుసు. ఎనభై దాటిన నాచేత ఇంకా ఇలా అరిపిస్తున్న మనిషి నంజుండయ్య గారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

నంజుండయ్య గారికి హిందూపురంలో ఒక చిన్న అచ్చాఫీసు ఉండేది. పెళ్ళి శుభలేఖలు, నూనె మిల్లుల లేబుళ్ళు వేసి నాలుగు రాళ్ళు సంపాదించి, వాటిని శుక్రవారం శుక్రవారం తెచ్చే నాలుగు పేజీల వారపత్రికలో పోగొట్టుకునేవారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ముక్క, పంచె మీద ఎప్పుడూ పొడుం మరకలు. కోపం వస్తే కన్నడం, ప్రేమ వస్తే తెలుగు. రెండూ ఒకేసారి వస్తే మాకు ఏమీ అర్థమయ్యేది కాదు. అరవైల మొదట్లో నేను డిగ్రీ పరీక్ష తప్పి, మా ఊరు అగళిలో నాయనకు మొహం చూపించలేక, ఆయన దగ్గర ఉద్యోగంలో చేరాను. వార్తలు రాయడం, సీసపు అక్షరాలు కూర్చడం, ప్రూఫులు దిద్దడం, ఆయన తిట్లు తినడం, అన్నీ ఒకే జీతానికి.

పత్రికలో జనం ముందు తిప్పేది నాలుగో పేజీ. ఆ వారం ఆదివారం ఎక్కడ చెడుగుడు ఆట ఉందో, ఎవరితో ఎవరు ఆడతారో, చూడవలసింది ఏమిటో అందులో నంజుండయ్య గారు రాసేవారు. హిందూపురంలో మిల్లు కూలీల జట్టు, పెనుకొండలో రైతుబిడ్డల జట్టు, ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళ జట్టు. ఎవరికీ జీతాలు లేవు, బూట్లు లేవు. పని ముగిశాక వేరుశనగ పొట్టు పరిచిన నేల మీద మసక వెలుగులో ఆడుకునేవాళ్ళు. అయినా ఆ నాలుగో పేజీని కాఫీ హోటళ్ళలో ఒకడు పైకి చదువుతుంటే పదిమంది మూగి వినేవారు.

చేరిన కొత్తలో ఒకసారి ఆ పని నాకు అప్పగించారు. నేను పొంగిపోయి, "ఈ ఆదివారం పెనుకొండ గెలుపు ఖాయం" అని మొదలుపెట్టి అరపేజీ దంచాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి మొత్తం కొట్టేశారు.

"నువ్వేమన్నా జోస్యం చెప్పేవానివా రంగా?"

"మరేం రాయాల సార్? ఎవరు గెలుస్తారో చెప్పకపోతే ఎవరు చదువుతారు?"

"సుమ్నే ఉండప్పా, ఊరికే వాగాకు. ధర్మవరమోళ్ళ దగ్గరికి పోయి పెనుకొండోళ్ళ గురించి అడుగు. పెనుకొండోళ్ళ దగ్గరికి పోయి ధర్మవరమోళ్ళ గురించి అడుగు. వాళ్ళలో నీకు భయమేందప్పా అని అడుగు, చాలు. మనిషి తన గురించి చెప్పుకునేటప్పుడు కోతలు కోస్తాడు. ఎదుటోనికి యాడ భయపడతాడో చెప్పేటప్పుడు మాత్రం నిజమే వస్తాది."

అదే ఆయన పద్ధతి. పెద్ద చాదస్తం అనుకున్నాను. కానీ అలా అడిగిచూస్తే మీసాలు మెలేసేవాళ్ళు కూడా కాసేపు నేలచూపులు చూసి, ఎదుటి జట్టులోని ఎవడో ఒకణ్ణి ఎంతో మర్యాదగా తలుచుకునేవాళ్ళు. అది అచ్చులో వచ్చేది. అవతలి ఊళ్ళో ఆ మనిషి దాన్ని చదివించుకుని వినేవాడు. ఆదివారం గీత దగ్గర ఎదురుపడినప్పుడు ఇద్దరి ముఖాల్లో కాస్త సిగ్గు ఉండేది. సిగ్గు పడేవాళ్ళు త్వరగా కొట్టుకోరు.

ఇంత చేసినా ఒక ఆట చెడిపోయింది. పెనుకొండ, ధర్మవరం జట్లు ఆడుతున్నప్పుడు పెనుకొండ నాయకుడు చిన్నపరెడ్డి పట్టులో ధర్మవరం నాయకుడు లక్ష్మీనారాయణ కుడిచేతి చూపుడువేలు విరిగింది. కావాలని విరిచాడని వీళ్ళు, ఆటలో జరిగిందని వాళ్ళు. రాళ్ళు లేచాయి. పట్టు నేసేవాడికి చూపుడువేలు అంటే మాటలు కాదు, తెగిన పోగును ముడివేసేది అదే. వేలు వంకరగా అతుక్కుంది. అది మళ్ళీ వంగి పోగు అందుకునే వరకు కొన్ని నెలలపాటు లక్ష్మీనారాయణ మగ్గంలో వాళ్ళమ్మ ఓబుళమ్మ కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ రెండు ఊళ్ళ జట్లు ఎదురుపడలేదు.

మళ్ళీ ఆడించాలని పట్టుబట్టింది నంజుండయ్య గారే. "ఆడకుంటే ఆ తగాదా అట్లనే కూచోనుంటాది. ఆడితేనే లేచి పోతాది" అనేవారు. ఆడాలని లక్ష్మీనారాయణకూ ఉంది. రోజు కూడా కుదిరింది. మగ్గాలవాళ్ళు అమావాస్య నాడు మగ్గం ఆడించరు, ఆ నెల అమావాస్య ఆదివారం పడింది. కానీ ఓబుళమ్మ ఒప్పుకోవాలి. నన్ను వెంటబెట్టుకుని ఆయన రైల్లో ధర్మవరం వెళ్ళారు.

మేము వెళ్ళేసరికి ఆమె కండెలకు పట్టు చుడుతోంది. కొడుకు గుంతమగ్గంలో కూర్చుని తల ఎత్తకుండా నేస్తున్నాడు. విషయం చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది.

"అమావాస్య పూట ఆటేందప్పా నంజుండయ్యా? ఒగ వేలు పోయింది చాల్లేదా? ఇంగొగటి పోతే ఈ మగ్గం పొయ్యి కట్టెల్లోకే గదా?"

"పోదమ్మా. నేను పూచీ. నీ కొడుకును పది వేళ్ళతో తెచ్చి నీ ముందర నిలబెడతా."

"తేకపోతే?"

"నీ మగ్గం గుంతలో నేను కూచుంటా."

ఆమె ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "నువ్వు కూచుంటే పట్టుచీర యాడ అయితాది, గోనెపట్ట అయితాది" అని నవ్వేసింది. మగ్గంలోంచి కొడుకు కూడా నవ్వాడు. ఆ నవ్వునే ఒప్పుకోలుగా తీసుకుని మేము లేచాం. వీధి మలుపు తిరగ్గానే నంజుండయ్య గారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. "మాట ఇచ్చేస్తినే రంగా, ఎట్ల?" అన్నారు. అప్పటిదాకా ఆయనకు కూడా భయం ఉంటుందని నాకు తెలియదు.

తిరుగుదారిలో పెనుకొండలో దిగి చిన్నపరెడ్డిని కలిశాం. దూలంలాంటి మనిషి, ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. నంజుండయ్య గారు మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు. "లక్ష్మీనారాయణలో నీకు భయమేందప్పా?"

అతను బకెట్టు కింద పెట్టాడు. "ఆయప్ప కాలు సామీ. మగ్గం తొక్కే కాలు, పాము మాదిరి వస్తాది" అన్నాడు. ఆగి, ఇంకో మాట అన్నాడు. "ఆయప్ప చెయ్యంటే ఇంగో రకం భయం. ఆ వేలు ఇరిగిన శబ్దం నాకు ఇంగా ఇనపడతాండాది. ఈసారి చెయ్యి పట్టను సామీ. నడుము పడతా, కాలు పడతా. చెయ్యి మాత్రం పట్టను."

"ఇది రాయొచ్చునా?"

"రాసుకోండి."

"మీవోళ్ళు తిడతారు గదప్పా."

"తిట్టనీ సామీ."

అచ్చాఫీసుకు వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. ఒక జట్టు నాయకుడు ఎదుటివాణ్ణి ఎక్కడ పట్టడో ముందే అచ్చువేస్తే ఇంక ఆటేముంది, లక్ష్మీనారాయణ చేతులు చాచి ఒక్కొక్కర్నీ తాకిపోతాడు, పెనుకొండవాళ్ళు మన ఆఫీసు తగలబెడతారు అన్నాను. నంజుండయ్య గారు పొడుం పీల్చి, "కూర్చు" అన్నారు. అక్షరాలు కూర్చాను. శుక్రవారం పత్రిక వెళ్ళింది. శనివారానికల్లా పెనుకొండలో మమ్మల్ని తిట్టని నోరు లేదని కబురొచ్చింది. ధర్మవరంలో మాత్రం ఆ వాక్యాన్ని చదివించుకుని ఓబుళమ్మ లోపలికి వెళ్ళిపోయిందట.

ఆదివారం పెనుకొండ మైదానం నిండిపోయింది. ఒకవైపు ధర్మవరం రైల్లో దిగినవాళ్ళు, ఇంకోవైపు బండ్లు కట్టుకుని వచ్చిన రైతులు. నంజుండయ్య గారు నడుమ గీతకు ఎదురుగా కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆట మొదలైంది. లక్ష్మీనారాయణ మొదటి కూతకు వచ్చాడు. గీత దగ్గర ఆగి, కుడిచేతిని వెనక్కి తిప్పి, నడుముకు చుట్టుకున్న తుండుగుడ్డలో గట్టిగా దోపుకున్నాడు. ఆ తర్వాత కూత ఎత్తుకున్నాడు.

"ఏందబ్బా అది? చెయ్యి తియ్యి!" అని ధర్మవరంవాళ్ళే గోల పెట్టారు. అతను తీయలేదు. ఆట మొత్తం కాళ్ళతోనే తాకాడు. చెయ్యి పట్టనని అవతలివాడు ముందే చెప్పాడు కాబట్టి, పట్టని చేతితో తాకడం తనకు తగదని అతని లెక్క. ఇదంతా తర్వాత రైల్లో రెండు ముక్కల్లో చెప్పాడు. "పట్టని చెయ్యితో తాకితే అది ఆటెట్ల అయితాది సార్?" అంతే.

ఒక చేతిని కట్టేసుకుని కూడా అతను ఆటను చివరిదాకా లాక్కొచ్చాడు. ఆఖరి కూతలో చిన్నపరెడ్డి అన్నట్టే నడుము పట్టాడు. ఇద్దరూ పడ్డారు. వాళ్ళ మీద మిగిలిన పెనుకొండవాళ్ళంతా పడ్డారు. వేరుశనగ పొట్టు లేచి ఎవరూ కనపడలేదు. కూత తెగిపోయింది. లక్ష్మీనారాయణ వెల్లకిలా ఉన్నాడు, దోపుకున్న చెయ్యి అతని వీపు కింద ఉంది. ధర్మవరం వైపు జనం లేచి నిలబడ్డారు. ఇటు పెనుకొండవాళ్ళు కూడా లేచారు. ఎవడో వంగి రాయి తీసుకోవడం నేను చూశాను.

"లేయండ్రా! లేయండి! చెయ్యి కింద ఉండాది!" చిన్నపరెడ్డి గొంతు అది. తన మనుషుల్నే జుట్టు పట్టుకుని లాగి పారేస్తున్నాడు. అందరూ లేచాక లక్ష్మీనారాయణ పక్కకు దొర్లి, మెల్లగా తుండుగుడ్డలోంచి చెయ్యి బయటికి తీసి, వేళ్ళు ముడిచి తెరిచి చూసుకున్నాడు. మళ్ళీ ముడిచాడు, మళ్ళీ తెరిచాడు. ఆపైన పకపకా నవ్వాడు. చిన్నపరెడ్డి నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మైదానమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. రాయి తీసినవాడు దాన్ని ఎక్కడ పడేశాడో నేను చూడలేదు, నేనూ కళ్ళు తుడుచుకుంటున్నాను. ఆట పెనుకొండ గెలిచింది. ఆ సంగతి చాలామందికి తీరిగ్గా గుర్తొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు ధర్మవరంలో ఉన్నాం. ఓబుళమ్మ గడపలోనే నిలబడి ఉంది. కొడుకు ముఖం చూడలేదు, చెయ్యి పట్టుకుని లోపలి దీపం దగ్గరికి తీసుకుపోయింది. ఒక్కొక్క వేలినీ నొక్కి చూసింది, వంకర వేలిని రెండుసార్లు చూసింది. "ఓడిపోయినారంట గదా" అంది. "ఊ" అన్నాడు. "పోనీ" అంది. ఆ 'పోనీ' విన్నాక నంజుండయ్య గారు అరుగు మీద కూలబడి పంచె చెంగుతో ముఖం కప్పుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. నా గుండెల మీంచి మాత్రం పెద్ద బండ దిగిపోయింది. ఆమె రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి పెడితే ఇద్దరం ఆబగా తిన్నాం. అంత రుచిగా నేను ఎప్పుడూ ఏదీ తినలేదు.

మర్నాడు హిందూపురంలో నేను ఆట వార్త రాయడానికి కూర్చున్నాను. ఆయన రాయనివ్వలేదు. ధర్మవరం నుంచీ పెనుకొండ నుంచీ వచ్చే రైలు జనాన్ని స్టేషన్లో పట్టుకుని అడిగి రమ్మన్నారు. ఏం అడగాలో కూడా చెప్పారు. అడిగి వచ్చి చెప్పాను. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని మొదటి వాక్యం చెప్పారు: "పెనుకొండలో ఆదివారం ఆడినవాళ్ళందరూ సోమవారం పనిలోకి దిగారు."

"గెలిచింది ఎవరో రాయొద్దా సార్?"

"కింద యాడన్నా రాయి, చోటుంటే."

తర్వాత నేను పెద్ద పత్రికల్లో చేరి రిటైరయ్యే దాకా ఆటల వార్తలే రాశాను. ఆ వాక్యాన్ని ఏ ఎడిటరూ నన్ను మొదట్లో పెట్టనివ్వలేదు. అయినా చిన్న ఊళ్ళ ఆట ఏదైనా ముగిసిన మర్నాడు, ఆటగాళ్ళ ఊరికి ఫోను చేసి, మనవాడు పనికి వెళ్ళాడా అని అడిగేవాణ్ణి. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు. అవతలి నుంచి ఎవరో ఒక తల్లో, భార్యో, "పొద్దున్నే పోయినాడు సార్" అనేవారు. అది విన్నాకే నేను కలం మూత తీసేవాణ్ణి.