ఏ పెట్టె పెట్టినా బొంగురే...

మా చిన్నప్పుడు మా ఇంట్లో నాయనను ఎవరమూ నోటితో పిలిచేవాళ్ళం కాదు... తలుపు చెక్క మీద పిడికిలితో రెండు దెబ్బలు వేసేవాళ్ళం. అన్నం వేళకూ అంతే, చుట్టాలొచ్చినా అంతే. అమ్మ మొదలుపెట్టింది, మేము నేర్చుకున్నాం. అందరిళ్ళలోనూ ఇలాగే కాబోలు అనుకునేదాన్ని.

నాయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇనప రేకులను అచ్చులో పెట్టి గుద్దే ప్రెస్ మిషన్లు... పొద్దంతా వాటి మధ్య నిలబడి, సాయంత్రం గురుబరపల్లిలో బస్సు దిగి ఇంటికి వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని నేరుగా రాగుల గదిలోకి పోయేవాడు.

రాగుల గది అంటే ఇంటి వెనక చిన్న గది. ఒక పక్క రాగి మూటలు, ఇంకో పక్క నాయన పాటల సామాను. ప్లైవుడ్ కోసి తన చేత్తో చేసుకున్న స్పీకర్ పెట్టెలు... మైక్ సెట్ అంగడిలో పాతది కొన్న ఆంప్లిఫయర్. ఊరి పెళ్ళికి సరిపోయే ఆంప్లిఫయర్ అది. దాన్ని తెచ్చి, నలుగురు కూర్చుంటే మోకాళ్ళు తగిలే గదిలో పెట్టాడు మా మహానుభావుడు.

ఆయనకు ఒకటే పరీక్ష. ఒక భజన క్యాసెట్ మొదట్లో, ఇంకా పాట ఎత్తుకోకముందు, కంచు తాళాలు సన్నగా మోగుతాయి... ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. అది వినపడితే స్పీకర్ మంచిది, లేకుంటే దండగ.

"యాడమ్మా తాళం? ఈ పెట్టెలో తాళమే రాలేదు. అంతా బొంగురు" అంటూ సన్న మోతలను పెంచే ట్రెబుల్ గుండీని చివరిదాకా తిప్పేవాడు.

"నాకు ఇనపడతా ఉంది నాయనా" అనేదాన్ని.

"నీకేం తెలుసు, ఉండమ్మా."

నిజానికి ఆ తాళాలకు నా పళ్ళు జివ్వుమనేవి. కానీ నాయన కంటే నాకెక్కువ తెలుసా అని ఊరుకునేదాన్ని.

గోడకు ఎడంగా పెట్టాలని ఎవరో చెబితే, మూటలన్నీ నడవలోకి జరిపి పెట్టెలు ముందుకు లాగాడు. మూటలు లేకపోయేసరికి గది ఇంకా గుంయ్‌మంది. మళ్ళీ మూటలు లోపలికి... కోన్లు మార్చాడు, ఆంప్లిఫయర్ మార్చాడు, కృష్ణగిరికి పోయి సన్న మోతలు పలికే కొత్త ట్వీటర్లు తెచ్చాడు.

"మల్లా తెచ్చినావా? ఇంట్లో మనుషులు ఉండేదానికి జాగా వద్దా?" అని అమ్మ సణిగేది. ఆ సణుగుడు ఆయనకు చేరేది కాదు. పట్టించుకోవడం లేదని అమ్మ అలిగేది.

ఒకనాడు ఉన్నట్టుండి నాయన ఆ సామానంతా భజన మందిరానికి ఇచ్చేశాడు. "ఇంక పాటల్లో ఏమీ లేదులేమ్మా" అన్నాడు. ఆ తర్వాత సాయంత్రాలు అదే గదిలో రాగి మూటకు ఆనుకుని ఊరికే కూర్చునేవాడు. పాటల పిచ్చి వదిలిందని అమ్మ సంతోషపడింది. నాయన పోయిన తర్వాత కూడా మాలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఇప్పుడు నేనూ హోసూరులోనే, ఒక చిన్న యూనిట్‌లో, ప్రెస్ మిషన్ల పక్కనే పనిచేస్తున్నాను. తయారైన సామాను చూసి పాస్ చేసే పని. చెవుల్లో పెట్టుకోమని బిరడాలు ఇస్తారు... అవి పెట్టుకుంటే పక్కవాళ్ళ మాట వినపడదని అందరం తీసి జేబులో వేసుకుంటాం.

మొన్న ఆదివారం నా కూతుర్ని వెంటబెట్టుకుని స్పీకర్ల అంగడికి పోయాను. మేడమీది చిన్న గదిలో కూర్చుని నాకంటూ పాటలు వినాలని ఎన్నాళ్ళ కోరికో...

గది కొలతలు చెప్పగానే అంగడాయన, "అంత చిన్న గదికి నిలువు బాక్సులు వద్దమ్మా, బాస్ అంతా మూలల్లో ముద్దగా నిలిచిపోతుంది. చిన్నవి తీసుకోండి, స్టాండు మీద గోడకు మూరెడు ఎడంగా పెట్టండి. ఆంప్ గూడా పెద్దది వద్దు" అన్నాడు. మంచి మాటే.

ఫోనులో నాయన భజన పాట ఉంది. అదే పెట్టించాను. మొదటి జతలో తాళాలు రాలేదు... రెండో జతలోనూ రాలేదు. ఆంప్ మార్చమన్నాను.

"ఏమప్పా, దేంట్లోనూ క్లియర్‌గా లేదే. అంతా బొంగురుగా ఉండాది" అన్నాను.

ఆయన నా వంక ఒక రకంగా చూసి ట్రెబుల్ పెంచాడు. పక్కన నా కూతురు రెండు చెవులూ మూసుకుంది.

"చాలమ్మా... ఆ తాళాలు చెవులు కోస్తా ఉండాయి."

ఏ తాళాలే అని అడగబోయి ఆగిపోయాను. పాట ఆపేయమన్నాను. మా నాయన స్పీకర్లన్నీ మంచివే... పాపం, ఒక్కటీ చెడ్డది కాదు.

ఏమీ కొనకుండా వచ్చేశాం. మా వీధి చివర చెవి పరీక్షలు చేసే చోటు ఉంది. నాయన కాలంలో అలాంటివి ఉంటాయని కూడా మాకు తెలియదు. ఆ బోర్డు ముందు నుంచే రోజూ పనికి పోతున్నాను... లోపలికి పోవాలంటే భయం. ఏం చెబుతారోనని భయం, పాటలు పోతాయని భయం.

నిన్న మేడమీద ఒక్కదాన్నే కూర్చుని ఉంటే, తలుపు చెక్క మీద రెండు దెబ్బలు పడ్డాయి. చూస్తే నా కూతురు. "ఎంతసేపమ్మా పిలిచేది?" అంది. తాతను ఇంట్లో ఎలా పిలిచేవాళ్ళమో దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

రేపు పోతాను, ఆ పరీక్షకు. పోక తప్పదు. రాగుల గదిలో మోగిన ఆ తాళాలు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి... ఇక నాకు అవి వినపడేది ఆ తలపులోనేనేమో.

మీ ఇళ్ళలోనూ ఈ టీవీ బాలేదు, ఈ ఫోను బాలేదు అనేవాళ్ళు ఉన్నారా? వాళ్ళను మీరెలా పిలుస్తారు? ఫోన్ చేయకండి... ఇక్కడే రాయండి, చదువుకుంటాను.