ఏ దమ్మని అడిగిన మనిషి

మంగళవారం పొద్దున రాజేశం భార్య లలితమ్మ ఫోన్ చేసింది. "అన్నా, మీ దోస్తు పోయిండు" అంది. పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. పంజాగుట్ట ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదట. గాజుల రాజేశం ఇక లేడన్న మాట చెవికి చేరింది గానీ బుర్రకెక్కలేదు. ముందురోజు సాయంత్రమే అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర నిలబడి నాతో అరగంట వాదించిన మనిషి. "మిగిలింది రేపు మాట్లాడుకుందామన్నా" అని వెళ్లిన మనిషి.

ఆ చివరి వాదనలో నేనొక ఎత్తిపొడుపు మాట అన్నాను. "మీ గాలిపటం ఏమైంది రాజేశం గారూ? తెగిపోయినట్టేనా?" ఆయన నవ్వి, "చాయ్ తాగుదాం పా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాటే. నేను ఆత్మను నమ్మను. పైలోకంలో అన్నీ తెలుసుకుంటాడని ఓదార్చుకునే సౌకర్యం నాకు లేదు. బతికుండగా తెలియనిది రాజేశానికి ఇక ఎప్పటికీ తెలియదు. గాలిపటం బతికుందో లేదో తెలియకుండానే ఆయన వెళ్లిపోయాడా? ఈ ప్రశ్న నన్ను అయిదు రోజులు నిలవనీయలేదు.

గాలిపటం ఎవరో చెప్పాలి. అంతకన్నా ముందు రాజేశం ఎవరో చెప్పాలి.

సిరిసిల్లలో నేతపని చేసే ఇంట్లో పుట్టాడు. నగరానికి వచ్చి ప్రభుత్వ కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పాడు. రిటైరయ్యాక పంజాగుట్టలో ఒక ఛాతీ డాక్టరు తన గోడు ఆయనకు వినిపించాడు. ఈ-సిగరెట్ల అమ్మకం మీద నిషేధం ఉంది. కాబట్టి తాగేవాళ్లు డాక్టరు ముందు నోరు విప్పరు. అదే మనుషులు మారుపేర్లతో ఇంటర్నెట్ ఫోరంలో మాత్రం అన్నీ రాసుకుంటారు: ఏ ఫ్లేవరు బాగుంది, గొంతు ఎందుకు మండుతోంది, దగ్గు ఎన్నాళ్లుంటుంది. ఆ రాతలు చదివితే ఏం తెలుస్తుందో చూద్దామన్నాడు డాక్టరు. రాజేశం ఒప్పుకున్నాడు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరు పైన గది తీసుకుని, స్రవంతి అనే ప్రోగ్రామరుతో కలిసి పని మొదలుపెట్టాడు.

నేను ఊరుకుంటానా? వేదికల మీద బాబాల విభూతిని ఎండగట్టి బతికినవాణ్ని. మొదటి రోజే గదిలోకి వెళ్లి నిలదీశాను. "ముక్కూ మొహం తెలియని వాళ్ల కబుర్లు పోగేసి దాన్ని శాస్త్రం అంటారేంటి రాజేశం గారూ? దీనికీ సోది చెప్పించుకోవడానికీ తేడా ఏంటి?"

"శాస్త్రమని నేనెప్పుడన్న? రుజువు ఏడ దేవులాడాల్నో చెప్తయన్నా గీ మాటలు. దేవులాడుడు డాక్టర్లు జేస్తరు. నువ్వు జర కూసో, చదువు. నీకు ఇంగ్లిషు అక్షరాల తెలుగు చదువొస్తది గదా?"

వాదించడానికి వెళ్లినవాణ్ని అలా జీతం లేని నౌకరీలో చేరిపోయాను.

ఆయన పద్ధతి ఒక రూళ్ల నోట్‌బుక్. కంప్యూటర్ ఎంత చేసినా, ముఖ్యమైన ప్రతి రాతా అందులోకి చేత్తో ఎక్కాల్సిందే. పేజీ మధ్యన నిలువుగీత. ఎడమ పక్క "వాళ్ల మాట", కుడి పక్క "మన మాట". ఎడమ పక్కది ఉన్నదున్నట్టు రాయాలి. కుడి పక్కన దాని అర్థం రాయాలి. ఒకసారి ఎడమ వైపు అక్షరదోషాలు దిద్దాను. పేజీ మొత్తం మళ్లీ రాయించాడు. "తప్పు సుత వాళ్లదే అన్నా, మనది గాదు" అన్నాడు.

కోపం తెచ్చుకోవలసిన చోట ప్రశ్న అడగడం ఆయన గుణం. మెట్రో స్తంభం కింద ఒకడు ఊపిరితిత్తులు కడిగేసే పొడి అని అమ్ముతుంటే నేను అరిచాను. జనం నన్నే వింతగా చూశారు. రాజేశం వాడి పక్కన గొంతుక్కూచుని, "భాయ్, కొన్నోళ్లల్ల ఎంతమంది తిరిగొచ్చిన్రు?" అని అడిగాడు.

"ఒక్కరు సుత రాలే సార్. మంచిగయినంక ఎందుకొస్తరు?"

"మంచిగయి రాలేదా, మంచిగ గాక వేరే దుకాణం పట్టిన్రా? పోనీ, అసలు ఉన్నరా?"

వాడు పొడి డబ్బా మూత పెట్టేశాడు. తిరిగి రానివాళ్ల గురించి మనకు తెలిసింది సున్నా అని రాజేశం నాతో ఎన్నోసార్లు అన్నాడు. ఆ సున్నా తర్వాత ఆయన్నే పట్టుకుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆయన బతికుండగా పదిమందిలో చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

నేను కృష్ణా జిల్లావాణ్ని. నలభై ఏళ్లుగా పంజాగుట్టలో ఉంటున్నా నా చెవి ఇంకా అక్కడిదే. నాకు తెలిసిన దమ్ము రెండు రకాలు: సిగరెట్టు దమ్ము, గుండె ధైర్యం. ఫోరంలో "గాలిపటం" పేరుతో ఎవరో రాసిన మాట నా వంతుకొచ్చింది: "దమ్ము ఎక్కువైతుంది భాయ్, ఏం జెయ్యాలె?" నేను కుడి పక్కన రాశాను: "పీల్చడం పెరిగింది. పురుషుడు, యువకుడు." మరోసారి అదే పేరుతో: "రెండు మెట్లెక్కితే దమ్ము." మెట్టుమెట్టుకూ ఆగి పీలుస్తున్నాడు, ఎంత వ్యసనపరుడో అనుకున్నాను. స్రవంతి నా అర్థాలే కంప్యూటరుకు నేర్పింది. అది బుద్ధిగా నేర్చుకుని, దమ్ము కనబడిన ప్రతిచోటా పీల్చడమే అని గుర్తు పెట్టింది. నివేదిక తయారైంది. రాజేశం సంతకం పెట్టాడు.

డాక్టరు బృందానికి నివేదిక చదివి వినిపించే రోజు వచ్చింది. రాజేశం నోట్‌బుక్‌లోంచి ఉదాహరణ కోసం ఎడమ పక్క మాట పైకి చదివాడు. "రెండు మెట్లెక్కితే దమ్ము." చదివి ఆగిపోయాడు. మళ్లీ చదివాడు.

"గిది కొట్టే దమ్ము గాదు, పట్టే దమ్ము" అన్నాడు. "మా నాయినకు ఉండె. మగ్గం మీద కూసుంటే ఛాతీల పిల్లికూతలు. ఊర్ల అందరు దమ్మనే అంటరు. ఊపిరి ఆడనోళ్లందర్నీ మనం మజా జేస్తున్నరని రాసినం." తర్వాత డాక్టర్ల వైపు తిరిగి, "గీ నివేదిక వాపస్ తీసుకుంటున్న. తప్పు నాది" అన్నాడు.

తప్పు నాది. నోరున్నవాడినని పేరున్న నేను ఆ గదిలో నోరు మెదపలేదు. బయటికొచ్చాక ఇరానీ హోటల్లో అడిగాను, నా పేరెందుకు చెప్పలేదని. "నువ్వు తెలవక రాసినవ్. నేను తెలిసినోణ్ని, చూడకుండ సంతకం పెట్టిన. ఎవల్ది పెద్దది?" అని సాసర్లో చాయ్ పోసుకున్నాడు. జీవితమంతా ఇతరుల మూఢత్వాన్ని లెక్కపెట్టిన నాకు, తన తప్పును అంత మామూలుగా చేత పట్టుకున్న మనిషి అప్పుడే కనబడ్డాడు.

ఆ తర్వాత నెలల తరబడి ప్రతి దమ్మునూ మళ్లీ చదివాడు. అప్పుడే గాలిపటం రాతలన్నీ వరసగా కళ్లపడ్డాయి. ఊపిరి ఆడటం లేదని మొత్తుకుంటుంటే, కింద జవాబులన్నీ "మస్తు ఎంజాయ్ జెయ్ భాయ్" అనే. అంటే ఫోరంలోవాళ్లూ నాలాగే చదివారు. డాక్టరు దగ్గరికి పొమ్మన్నవాడు ఒక్కడూ లేడు.

పరిశోధకుడు చదవాలే గానీ మధ్యలో మాట్లాడకూడదన్నది నియమం. స్రవంతి ఆ మాటే అంది: "సార్, మనం పోస్టు పెడితే అందరు సైలెంట్ అయితరు. డేటా ఖరాబైతది." నేనూ నియమం పక్షాన్నే గట్టిగా వాదించాను.

"ఖరాబు గానీ" అన్నాడు రాజేశం. "నా ముంగట మనిషికి దమ్ము ఆడుతలేదు. నేను కాలమ్ గీసుకుంట కూసోవాల్నా?" సొంత పేరుతో ఫోరంలో రాశాడు: తాను ఎవరో, ఏం చదువుతున్నాడో, ఎందుకు చదువుతున్నాడో, గాలిపటం వెంటనే ఛాతీ డాక్టర్ని ఎందుకు కలవాలో. ఆ తేదీ తర్వాతి రాతలను పరిశోధనలో వాడరాదని నోట్‌బుక్‌లో తానే గీత గీశాడు. "సీఐడీ అంకుల్ వచ్చిండు, పారిపోండ్రి" అని ఎగతాళి చేశారు. చాలామంది మాయమయ్యారు. గాలిపటం కూడా. రాజేశం రోజూ పొద్దున ఫోరం తెరిచేవాడు. ఏమీ ఉండేది కాదు. కొన్నాళ్లకు ఆ ఊసే ఎత్తడం మానేశాడు. నేను మాత్రం ఎత్తిపొడిచాను.

ఆయన కోరినట్టే కళ్లూ దేహమూ వైద్య కళాశాలకు ఇచ్చాం. బంధువులు కర్మకాండల మాటెత్తితే లలితమ్మ "ఆయన మాటనే ఉండనీయుండ్రి" అని ఒక్కటే అంది. ఆదివారం కోచింగ్ సెంటరు పైనున్న గదిలోనే ఆయన్ని తలుచుకోవడానికి కలుసుకున్నాం. మాటలు అయిపోవస్తుండగా వెనక కుర్చీలోంచి ఒకావిడ లేచింది. నలభై దాటి ఉంటాయి, మెడలో కొలతల టేపు అలాగే ఉంది. "గీడ అమీర్‌పేటల జాకెట్లు కుడత. పేరు అడగకుండ్రి. ఫోరంల నన్ను గాలిపటం అంటరు" అంది.

స్రవంతి నా వైపు చూసింది. పురుషుడు, యువకుడు!

"సార్ రాసింది చూసి భయమైంది. ఫోరం బందు జేసిన. కానీ దవాఖానకు పోయిన. మందులు వాడుతున్న. పోయిన వారం సార్‌కు మెసేజ్ పెట్టిన. ఎవ్వరికి చెప్పకుండ్రి అంటె, చెప్పనమ్మా, రాసుకోవాల్నా అని అడిగిండు. రాసుకోమన్న."

లలితమ్మ నోట్‌బుక్ తెచ్చి నా చేతికిచ్చింది. చివరి పేజీ తిప్పాను. పైన, పరిశోధన లెక్కలోకి రాదు అని రాసి ఉంది. కింద నా పాత అర్థాన్ని ఎత్తి రాసి, "పురుషుడు, యువకుడు" కొట్టేసి, "స్త్రీ" అని దిద్దాడు. అంటే, మెట్రో మెట్ల దగ్గర నవ్విన నవ్వు బాధ దాచుకున్నది కాదు. ఇచ్చిన మాట దాచుకున్నది. నా ఎత్తిపొడుపు తగలని మనిషి మీదికి వెళ్లింది. అయిదు రోజుల తర్వాత నాకు ఊపిరాడింది.

అలాంటి మనిషి మళ్లీ దొరకడు. నా వాదన సగంలోనే ఉంది, దాన్ని పూర్తిచేసే చెవి లేదు. కానీ ఆయన ఏ దిగులుతోనూ వెళ్లలేదు. ఆ పేజీలో ఎడమ పక్క ఆమె మాట ఉన్నదున్నట్టు ఉంది: "దమ్ము తగ్గింది సార్." కుడి పక్కన, నేనైతే మళ్లీ ఏదో ఒకటి ఊహించి రాసే చోట, రాజేశం చేతిరాత: "ఏ దమ్ము అని అడిగిన. రెండూ అన్నది."